ఎంబ్రియో కల్చర్ బాగుపడాలంటే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి

బ్లాస్టోసిస్ట్ రేటు (ఐదో రోజుకి బోలు బంతిలాంటి దశకి చేరే ఎంబ్రియోల శాతం) పడిపోయిందంటే చాలు, ల్యాబ్‌లో అందరి చూపూ మీడియా సీసా మీదికే, అంటే ఎంబ్రియోల్ని పెంచే ద్రవం మీదికే పోతుంది. "కంపెనీ మారుద్దామా మేడమ్", "ఈ లాట్ బాగోలేదేమో మేడమ్" అని ల్యాబ్‌లో జూనియర్ పిల్లలు మొదలుపెడతారు. నేను విశాఖలో రామ్‌నగర్ దగ్గర ఒక ఐవీఎఫ్ ల్యాబ్‌లో ఎంబ్రియాలజిస్టుని. నేను చూసినంతలో మీడియా వల్ల వచ్చిన ఇబ్బందులు తక్కువ. సీసా మూత తీసింది మొదలు ఎంబ్రియో డ్రాప్‌లో (డిష్‌లో పెట్టే మీడియా బొట్టులో) పడేదాకా మన చేతుల్లో జరిగే పనుల వల్ల వచ్చినవే ఎక్కువ. అందుకే మీడియా మార్చడం గురించి చిట్టచివర చెబుతాను. ఏయూలోనో మరోచోటో ఎమ్మెస్సీ చేసి కొత్తగా ల్యాబ్‌లో చేరినవాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఎలుక ఎంబ్రియోలతో పరిశోధన చేసేవాళ్లకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఎక్కడ ఆగుతున్నాయో రాసుకోండి

"రేటు తగ్గింది" అంటే సరిపోదు. ఏ దశలో తగ్గింది? ఫలదీకరణే తగ్గిందా, రెండు నాలుగు కణాల దగ్గర ఆగిపోతున్నాయా, డే 3కి బాగానే ఉండి డే 5కి చతికిలబడుతున్నాయా? ఈ మూడింటికీ వెతకాల్సిన చోట్లు వేరు.

మొదటి రోజుల్లో ఎంబ్రియో తల్లి అండంలో దాచి ఇచ్చిన సరుకుతోనే బతుకుతుంది. తన సొంత జన్యువులు పనిలోకి దిగేది తర్వాత. ఎలుకలో రెండు కణాల దశలో, మనిషిలో 4 నుంచి 8 కణాల మధ్య, ఆవులో 8 నుంచి 16 కణాల మధ్య ఆ మార్పు వస్తుంది. కల్చర్ సరిగ్గా లేకపోతే ఎంబ్రియోలు గుంపుగా ఆగిపోయేది కూడా సరిగ్గా అక్కడే. 1949లో జాన్ హామండ్ ఎలుక ఎంబ్రియోలను కోడిగుడ్డు కలిపిన సెలైన్‌లో పెంచినప్పుడు 8 కణాలవి బ్లాస్టోసిస్ట్ అయ్యాయి, రెండు కణాలవి కాలేదు. 1956లో విటెన్ బైకార్బొనేట్, గ్లూకోజ్, ఆల్బుమిన్‌లతో లెక్క ప్రకారం మీడియా తయారుచేశాడు. రెండేళ్ల తర్వాత మెక్‌లారెన్, బిగర్స్ అలా పెంచిన బ్లాస్టోసిస్ట్‌లను తల్లి ఎలుకల్లో పెట్టి పిల్లల్ని పుట్టించారు. అయినా ఒక్క కణం దగ్గర్నుంచి బ్లాస్టోసిస్ట్ దాకా గాజులోనే నడిపించడానికి 1968 దాకా పట్టింది, అదీ కొన్ని సంకర జాతి ఎలుకల్లోనే. మధ్యలో తెలిసిన ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మొదటి దశలో ఎంబ్రియోకి గ్లూకోజ్ మీద ఆసక్తి లేదు, పైరువేట్ కావాలి. గ్లూకోజ్ జోరుగా వాడుకునేది కణాలు ఒకదానికొకటి బిగుసుకున్నాక. ఇవాళ మీరు కొనే సీసాలో ఇవన్నీ చూసుకునే కలిపి ఉంటారు. ఆ సీసాను అనుమానించే ముందు మిమ్మల్ని మీరు అనుమానించుకోమనేది అందుకే.

ఇంకో మాట. వారంలో వచ్చిన నలుగురైదుగురు పేషెంట్ల ఫలితాలు చూసి కంగారు పడకండి. వాళ్లలో ఇద్దరికి నలభై దాటితే రేటు ఎలాగూ పడుతుంది. ఐవీఎఫ్ ల్యాబ్‌ల కోసం నిపుణులు కూర్చుని ఒప్పుకున్న, 2017లో వెలువడిన వియన్నా కొలమానం ప్రకారం, మామూలుగా ఫలదీకరణ జరిగిన అండాల్లో కనీసం 40 శాతం డే 5కి బ్లాస్టోసిస్ట్ కావాలి. 60 శాతం అందుకుంటే గురి కుదిరినట్టు. వయసుల వారీగా విడదీసి నెల నెలా గ్రాఫ్ గీయండి. గీత వరసగా కిందికి జారుతుంటే అప్పుడు టెన్షన్ పడదాం.

డిస్‌ప్లేని కాదు, డ్రాప్‌ని కొలవండి

ఇంక్యుబేటర్ తలుపు మీద 37.0 అని వెలుగుతుంది. అది ఇంక్యుబేటర్ సెన్సార్ ఉన్నచోట వేడి. మీ ఎంబ్రియో ఉన్నది డిష్‌లో, ఆయిల్ కింద, డ్రాప్ అడుగున. క్యాలిబ్రేట్ చేసిన సన్నటి థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) తీసుకుని ఉత్తి డ్రాప్‌లో ముంచి చూడండి. ప్రతి ఛాంబర్, ప్రతి మైక్రోస్కోప్ స్టేజ్, ప్రతి హుడ్ వేడి పలక అలాగే చూడాలి. కొన్ని డిష్‌ల అడుగున చుట్టూ చిన్న అంచు ఉంటుంది, దానివల్ల డిష్‌కీ పలకకీ మధ్య గాలి పొర నిలుస్తుంది. డిష్ బ్రాండ్ మారిస్తే వేడి మళ్లీ కొలవక తప్పదు. మనిషి అండంలో క్రోమోజోములను పట్టి ఉంచే స్పిండిల్ కాసేపు చల్లబడినా చెదిరిపోతుంది. ఫలదీకరణ రేటు తగ్గిన ల్యాబ్‌లో నేను మొదట చూసేది ఐసీఎస్‌ఐ (సూదితో వీర్యకణాన్ని అండంలోకి పంపే పని) స్టేజ్ వేడి.

ఇక పీహెచ్. కల్చర్ మీడియాలో పీహెచ్‌ని నిలబెట్టేది బైకార్బొనేట్, కార్బన్ డయాక్సైడ్ జోడీ. మనకు కావలసింది 7.2 నుంచి 7.4 మధ్య. గ్యాస్ ఒక్క శాతం పెరిగితే పీహెచ్ సుమారు 0.1 పడిపోతుంది. ఇక్కడే విశాఖవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. ఎంబ్రియోకి శాతంతో పనిలేదు, గ్యాస్ పీడనంతో పని. మనం సముద్ర మట్టంలో ఉన్నాం, బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ 6 శాతంతో వచ్చే పీడనం అక్కడ రావాలంటే దాదాపు 6.7 పెట్టాలి. బెంగళూరులో శిక్షణ తీసుకుని వచ్చిన పిల్లలు అక్కడి నోట్స్‌లో ఉన్న అంకెను యథాతథంగా ఇక్కడ పెట్టేస్తారు. మీడియా కాస్త ఆమ్లం అవుతుంది, ఎవరికీ కంటికి కనబడదు. మీడియాలో పీహెచ్‌ని బట్టి మారే ఫినాల్ రెడ్ రంగు చూసి 0.1 తేడా పట్టగలిగే కళ్లు ఎవరికీ లేవు.

మరి ఎలా కొలవాలి? రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచిన మీడియాను గాలి బుడగ లేకుండా చిన్న సిరంజిలోకి తీసి, మూత బిగించి, ఆస్పత్రి ఐసీయూలో ఏబీజీ మిషన్ (రక్తంలో గ్యాస్‌లు, పీహెచ్ కొలిచేది) ఉంటే వెంటనే అందులో పెట్టండి. దారిలో ఎవరైనా పలకరించినా ఆగొద్దు, గ్యాస్ ఎగిరిపోయే కొద్దీ పీహెచ్ పైకి పోతుంది. ఇది వారానికొకసారి, కొత్త లాట్ తెరిచినప్పుడల్లా చేయాలి. గ్యాస్ శాతాన్ని కూడా చేతిలో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ మీటర్‌తో విడిగా సరిచూడండి. పాత రకం ఇంక్యుబేటర్లలో ఉండే థర్మల్ కండక్టివిటీ సెన్సార్ లోపలి తేమ మారితే తప్పు అంకె చూపిస్తుంది.

అండాలను బయట పట్టుకునే మీడియా వేరు. అందులో హెపిస్ లేదా మాప్స్ బఫర్ ఉంటుంది, మామూలు గాలిలో పీహెచ్ నిలబడడానికి. దాన్ని వేడి చేయాలంటే మూత బిగించి, గ్యాస్ లేని వార్మర్‌లో పెట్టండి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌లో మూత వదులుగా పెట్టారంటే పొద్దున్నకి అది ఆమ్లమే. ఎలుక పనిలో ఎమ్2, కేఎస్‌ఓఎమ్ వాడేవాళ్లకూ ఇదే మాట: ఎమ్2 బయటకి, కేఎస్‌ఓఎమ్ లోపలికి.

ఆక్సిజన్ గురించి ఎక్కువ చెప్పను, వాదన ముగిసిపోయింది. గర్భనాళంలో ఉండేది 2 నుంచి 8 శాతం, గాలిలో ఉండేది 20 పైన. 5 శాతం పెట్టండి. నైట్రోజన్ ఖర్చవుతుందని మేనేజ్‌మెంట్ అంటే ఫలితాల గ్రాఫ్ చూపించండి.

డిష్ వేయడం

నా దగ్గర చేరినవాళ్లకు మొదటి నెల దాదాపు ఇదే పని. చాలామంది దీన్ని చిన్న పనిగా చూస్తారు. నా లెక్కలో కల్చర్ సగం ఇక్కడే తేలిపోతుంది.

మీడియాలో ఉప్పులు, నీళ్లు ఒక పాళ్లలో ఉంటాయి. ఆ పాళ్లను చెప్పే కొలత ఆస్మోలాలిటీ, సాధారణంగా 255 నుంచి 290 మిల్లీఆస్మోల్స్ మధ్య. డ్రాప్ నుంచి కాస్త నీరు ఆవిరైతే చాలు, అది 300 దాటి ఎంబ్రియోకి ఇబ్బంది మొదలవుతుంది. "విశాఖలో ఇంత ఉక్కపోతలో ఆవిరేంటి మేడమ్" అని అడుగుతారు. ఉక్కపోత బీచ్ రోడ్డులో. మన ల్యాబ్‌లో ఏసీ ఉంది, హుడ్‌లో ఆగకుండా వీచే పొడిగాలి ఉంది, కొందరైతే వేడి పలక కూడా ఆన్ చేసి దాని మీద డిష్ వేస్తారు. 10 మైక్రోలీటర్ల డ్రాప్ ఆ గాలిలో ఒక్క నిమిషం ఉన్నా అందులో ఉప్పు పాళ్లు మారతాయి.

నేను చేసే పద్ధతి ఇది. వేడి పలక ఆఫ్. డిష్ గది చల్లదనంలోనే ఉండాలి, మీడియా ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది అయితే ఇంకా మంచిది. పేషెంట్ పేరు, నంబరు డిష్ అడుగు భాగం మీద రాయాలి, మూత మీద కాదు. మూతలు తారుమారవుతాయి. ఆయిల్ పిపెట్ ముందే నింపి పక్కన పెట్టుకోవాలి. ఇప్పుడు ఒక్క డిష్ మాత్రమే తెరిచి, కొత్త టిప్‌తో 25 నుంచి 30 మైక్రోలీటర్ల డ్రాప్‌లు పెట్టి వెంటనే ఆయిల్ పోయాలి. ఆయిల్‌ని డ్రాప్ నెత్తిన పోయకండి, డిష్ గోడ పక్కనుంచి మెల్లగా వదలండి, పాకుతూ వచ్చి కప్పేస్తుంది. పది డిష్‌లు వరసగా తెరిచి అన్నింట్లో డ్రాప్‌లు పెట్టుకుంటూ పోయి, తర్వాత తిరిగొచ్చి ఆయిల్ పోయడం కనిపిస్తే నేను ఆ డిష్‌లన్నీ పారేయిస్తాను. ఖరీదైన మీడియా కదా అని మొహాలు చిన్నబుచ్చుకుంటారు, అయినా పారేయిస్తాను.

చిన్న డ్రాప్‌లే కావాలంటే ఒక ఉపాయం ఉంది. ముందు 5 మైక్రోలీటర్ల బొట్టు పెట్టి ఆయిల్‌తో కప్పండి. ఆయిల్ కిందికి టిప్ దించి ఆ బొట్టును పీల్చేసి, అదే చోట తాజా మీడియా వదలండి. ఆవిరైన బొట్టు పోయి అసలు పాళ్ల మీడియా మిగులుతుంది.

ఇలా వేసిన డిష్‌లను సాయంత్రం ఇంక్యుబేటర్‌లో పెడితే పొద్దున్నకి గ్యాస్ సర్దుకుంటుంది. ఆయిల్ కింద ఉన్న డ్రాప్‌లోకి గ్యాస్ చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి పొద్దున వేసి మధ్యాహ్నానికి వాడేద్దామనుకోవద్దు. అలాగని ముందు రోజు పొద్దున్నే వేసేయడమూ వద్దు. తేమ పెట్టని పొడి ఇంక్యుబేటర్ అయితే ఆయిల్ కింద కూడా రోజుల తరబడి నీరు మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. అలాంటి ఇంక్యుబేటర్లో డే 3కి కొత్త డిష్‌లోకి మార్చడమే నా పద్ధతి. అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా గ్లుటమిన్, 37 డిగ్రీల దగ్గర విరిగి అమ్మోనియా వదులుతాయి కనుక మార్చడంలో ఆ లాభం కూడా ఉంది. ఇప్పటి మీడియాల్లో చాలావాటిలో నిలకడగా ఉండే అలనైల్ గ్లుటమిన్ వాడుతున్నారు, సీసా మీద చదవండి.

ఆయిల్, ప్లాస్టిక్

ఆయిల్‌కి ఎండ, వేడి తగిలితే పెరాక్సైడ్‌లు పుడతాయి. మే నెలలో పార్సిల్ ఆఫీసు షెడ్డులో రెండు రోజులు పడి ఉన్న ఆయిల్ డబ్బా బయటికి ఎంత బాగా కనబడినా నేను తీసుకోను. ఆర్డర్ చేసేటప్పుడే ఎప్పుడు బయలుదేరుతుందో అడిగి, వచ్చిన రోజే మనిషిని పంపి తెప్పించుకోండి. చీకట్లో, చల్లగా ఉంచండి. బ్యాచ్ నంబరు ప్రతి కేస్ షీట్ మీద రాయండి. ఫలితాలు హఠాత్తుగా పడిపోయినప్పుడు మీడియా కంటే ముందు నేను ఆరా తీసేది ఆయిల్ బ్యాచ్ ఎప్పుడు మారిందని.

డిష్‌లు పాలిస్టైరీన్. కొత్త ప్యాకెట్‌లోంచి స్టైరీన్ ఆవిరి కొంత వస్తుంది. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైన తర్వాత స్టైరీన్ సంగతి ఈ ఊళ్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ప్యాకెట్‌ను వాడే ముందు రోజు హుడ్‌లో తెరిచి ఆ ఆవిరి పోనివ్వండి.

ఆయిల్, డిష్‌లతో వచ్చే సర్టిఫికెట్‌లో ఎలుక ఎంబ్రియో పరీక్ష పాసైందని ఉంటుంది. సాధారణంగా 96 గంటలకు 80 శాతం బ్లాస్టోసిస్ట్ దాటితే పాస్. ఒక కణం దశలో మొదలుపెట్టారా, రెండు కణాల్లోనా అని చూడండి. ఒక కణంతో చేసిన పరీక్షే గట్టిది. ఆల్బుమిన్ ఎక్కువ కలిపి చేస్తే విషాన్ని అది కప్పేస్తుంది కూడా. మన దగ్గర ఎలుకలు లేవు, వాటికి జంతు నైతిక కమిటీ అనుమతి, గది, మనిషి అన్నీ కావాలి. వీర్యకణాల పరీక్ష మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు. సమ్మతి ఉన్న మంచి శాంపిల్‌ను రెండుగా పంచి, ఒకటి నమ్మకమున్న పాత బ్యాచ్‌తో, ఇంకొకటి కొత్తదానితో ఉంచి, మర్నాడు కదలిక పోల్చండి. కొత్తదాంట్లో బాగా తగ్గితే ఆ బ్యాచ్ వెనక్కి పంపండి.

గాలి

పోర్టు బొగ్గు దుమ్ము, ఇనుప ఖనిజం దుమ్ము కిటికీ మీద ఒక పూట వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది. అయితే దుమ్మును హెపా ఫిల్టర్ పట్టుకుంటుంది. పట్టుకోనిది వాసనల్ని, ఆవిర్లని. వాటికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ ఉండాలి, అది నిండిపోయాక మార్చాలి. ఆయిల్ ఇలాంటి ఆవిర్లను పీల్చి తనలో దాచుకుంటుంది, అక్కణ్నుంచి డ్రాప్‌లోకి దిగుతాయి.

మీ ల్యాబ్‌కి బయటి గాలి ఎక్కణ్నుంచి వస్తోందో ఒకసారి మేడ మీదికెక్కి చూడండి. కింద పార్కింగ్ ఉందా, జనరేటర్ పొగ గొట్టం పక్కనే ఉందా, పక్క బిల్డింగ్‌కి రంగులు వేస్తున్నారా? సాయంత్రం దోమల పొగ బండి వచ్చే వేళ తెలిస్తే ఆ కాసేపు బయటి గాలి మూసేయమని సెక్యూరిటీ అన్నకి చెప్పి ఉంచండి. రిసెప్షన్‌లో శుక్రవారం పూజ ఉంటుంది. దేవుడి దగ్గర అగరబత్తి, సాంబ్రాణి, హారతి కర్పూరం వద్దనడం కష్టమే. మా దగ్గర దీపం, పూలతో సరిపెట్టుకుందామని డాక్టరమ్మ గారితోనే చెప్పించాను, ఎవరూ బాధపడలేదు. మల్లెపూలు, సెంటు, నెయిల్ పాలిష్ ల్యాబ్ బయటే.

ఫినాయిల్ మాన్పించడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. "వాసన రాకపోతే నేల శుభ్రమైనట్టు ఎలా తెలుస్తాది మేడమ్?" అని మా ఆయా ప్రశ్న. హైడ్రోజన్ పెరాక్సైడ్ మందు చేతికిచ్చి, నేల కడిగాక వాసన లేకపోవడమే మన ల్యాబ్‌లో శుభ్రం అని చెప్పాను. స్పిరిట్ సీసా ఇంక్యుబేటర్ల గదిలో ఉండకూడదు.

గ్యాస్ సిలిండర్లు, తుఫాన్లు

ఉప్పుగాలికి రెగ్యులేటర్లు, బిగింపులు తుప్పు పడతాయి. నెలకోసారి సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌లో ద్రవం ఉంటుంది. ద్రవం ఉన్నంతసేపూ గేజ్ ముల్లు పెద్దగా కదలదు, అయిపోగానే గబుక్కున పడిపోతుంది. కాబట్టి గేజ్‌ని నమ్మకుండా సిలిండర్‌ని తూకం వేయండి. నైట్రోజన్‌కి ఈ బాధ లేదు, ముల్లు వాడకం కొద్దీ దిగుతుంది. సిలిండర్ అబ్బాయి తెచ్చినప్పుడు ట్యాగ్ చదవనిదే తగిలించనివ్వకండి. ఒక సప్లయర్ మాకు మెడికల్ గ్రేడ్ బదులు వెల్డింగ్‌వాళ్లకిచ్చేది పంపాడు, ట్యాగ్ చూడబట్టి బయటపడింది. గ్యాస్ లైన్‌లో కార్బన్ ఫిల్టర్ అదనంగా ఉండనివ్వండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరికి రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం మాట వినగానే మా ల్యాబ్‌లో జరిగేవి: జనరేటర్‌కి డీజిల్ నింపడం, యూపీఎస్‌ని లోడ్ పెట్టి పరీక్షించడం, గ్యాస్, లిక్విడ్ నైట్రోజన్ అదనంగా తెప్పించడం, కొత్త పికప్‌లు (అండాలు తీయడం) వాయిదా వేయడానికి వీలుంటుందేమో డాక్టర్‌ని అడగడం. ఇప్పటికే కల్చర్‌లో ఉన్నవాటిని డే 5 దాకా ఆగాలని పట్టుబట్టకుండా డే 2, డే 3 లోనే విట్రిఫై చేసేయడం నాకిష్టం. గడ్డకట్టి నైట్రోజన్ ట్యాంకులో ఉన్న ఎంబ్రియోకి కరెంటుతో పనిలేదు.

చివరికి మీడియా

ఇవన్నీ చూశాక కూడా గ్రాఫ్ కిందికే పోతుంటే మీడియా మీద చేయి వేయండి. ముందు లాట్, తర్వాత కంపెనీ. పాతది పూర్తిగా అయిపోకముందే కొత్తది తెప్పించి, కొంతకాలం రెండూ పక్కపక్కన నడపండి. ఒకే పేషెంట్ అండాలను రెండు మీడియాల్లోకి పంచి పోల్చడం అన్నిటికంటే నమ్మదగ్గ పద్ధతి. దానికి నైతిక కమిటీ అనుమతి, పేషెంట్ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. మీడియా మార్చిన నెలలోనే ఆయిల్, డిష్ బ్రాండ్ ఏవీ ముట్టుకోకండి. పీహెచ్ ఒక్కటి తప్పదు: ఒక్కో కంపెనీ బైకార్బొనేట్ ఒక్కో పాళ్లలో వేస్తుంది కాబట్టి కొత్త మీడియాతో ఏబీజీ మిషన్ దగ్గరికి మళ్లీ వెళ్లి, అవసరమైతే దానికి తగ్గట్టు గ్యాస్ సర్ది, ఆ తేదీ లాగ్ పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాయండి.